సొంతూరికి వచ్చే ప్రయాణికులు



ఎవరి పేరిట మనం ఏటా ఇలా కలుస్తున్నామో ఆ డాక్టరుగారిని ఈ హాల్లో పరిచయం చేయనక్కర్లేదు. ఇక్కడున్న నడివయసు వాళ్ళలో సగం మంది చిన్నప్పుడు ఆయన చేత సూది పొడిపించుకున్నవాళ్ళే. కామెర్లని అనుమానమొస్తే ఆయన రోగిని వీధి అరుగు మీదికి తీసుకొచ్చి, ఆకాశం వైపు చూడమని, కింది రెప్ప లాగి పగటి వెలుతురులో తెల్లగుడ్డు చూసేవారు. “బల్బు కింద ఆరోగ్యవంతుడు కూడా పచ్చగానే ఉంటాడయ్యా” అనేవారు. ఆ తర్వాత మూత్రం రంగు అడిగేవారు. పొగతాగే అలవాటున్న మనిషైతే, “చుట్ట రుచిగా ఉంటోందా?” అని అడిగేవారు. కాలేయం వాచినవాడికి కళ్ళు పచ్చబడకముందే పొగ వాసన పడదు. చుట్ట పారేశానని రోగి చెప్పగానే ఆయనకి సగం సంగతి తెలిసిపోయేది. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నవే. మేం మాత్రం ఆయన దగ్గర నేర్చుకున్నాం.

ఈ ఏడాది ఏ విషయం మీద మాట్లాడతారని నిర్వాహకులు అడిగితే హెపటైటిస్ ‘ఎ’ అన్నాను. గుండె గురించో, షుగరు గురించో చెబుతాననుకున్న కార్యదర్శిగారు కాస్త నిరుత్సాహపడి, “మామూలు కామెర్లేగా, అవే తగ్గిపోతాయి కదండీ” అన్నారు. చాలామందికి తగ్గిపోతాయి, నిజమే. కానీ ఎవరికి తేలిగ్గా పోతాయి, ఎవరిని మంచాన పడేస్తాయి అన్న లెక్క మన ఇళ్ళలో ఒక తరం తిరిగేసరికి మారిపోయింది. ప్రయాణాల వల్ల ఆ మార్పు మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది.

వైద్యగ్రంథాల్లో ‘అభివృద్ధి చెందుతున్న దేశాలకు వెళ్ళే ప్రయాణికులు’ అని ఒక అధ్యాయం ఉంటుంది. అది చదువుతుంటే వీపున పెద్ద సంచి తగిలించుకుని కాశీ ఘాట్లలోనో కఠ్మాండూ సందుల్లోనో తిరిగే తెల్లవాడు మన కళ్ళముందు మెదులుతాడు. ఆ అధ్యాయానికి పునాది వేసినవాళ్ళకి కూడా మొదట అతనే మెదిలాడు. ప్రయాణ వైద్యానికి ఆద్యుల్లో ఒకరైన జ్యూరిక్ ఆచార్యుడు రాబర్ట్ స్టెఫెన్ గత శతాబ్దం చివర్లో వేసిన అంచనా చాలాకాలం అందరికీ కంఠతా వచ్చింది. టీకా లేకుండా ఇలాంటి దేశాలకు వెళ్ళి మంచి హోటళ్ళలో దిగేవాళ్ళలో నెలకు 1000 మందికి ముగ్గురికి ఈ జబ్బు వస్తుంది. సంచి తగిలించుకుని దొరికిన చోట తిని తిరిగేవాళ్ళలో 1000కి 20 మందికి వస్తుంది. తర్వాతి కాలంలో నీళ్ళు, పారిశుద్ధ్యం మెరుగుపడి, టీకాలు పెరిగాక, స్విట్జర్లాండులోనే మళ్ళీ లెక్కగడితే అది నెలకు లక్షకు 3 నుంచి 11 మందికి దిగింది. ముప్పు తగ్గినందుకు సంతోషమే. కాకపోతే ఆ మిగిలిన కొద్దిమంది ఎవరని వెతికితే సంచీవాడు వెనక్కి పోయి ఇంకొకరు ముందుకొచ్చారు.

వాళ్ళు చుట్టాల్ని చూడడానికి వెళ్ళేవాళ్ళు. పాశ్చాత్య దేశాల్లో స్థిరపడి, సెలవులకి పిల్లల్ని వెంటబెట్టుకుని సొంతూరికి వెళ్ళేవాళ్ళు. నెదర్లాండ్స్‌లో ఈ సంగతి తేటతెల్లమైంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రతి ఏటా వేసవి సెలవులు అయిపోయి బడులు తెరిచాక కామెర్ల కేసులు పెరిగేవి. మొరాకో, టర్కీల నుంచి వలస వచ్చిన కుటుంబాల పిల్లలు సెలవుల్లో తాతగారి ఊరికి వెళ్ళి, అక్కడ వైరస్ అంటించుకుని, ఏ లక్షణమూ లేకుండా హాయిగా తిరిగొచ్చి తరగతిలో కూర్చునేవారు. వాళ్ళ పక్కన కూర్చున్న డచ్చి పిల్లాడి ద్వారా ఆ పిల్లాడి నాన్నకో, టీచరుకో కామెర్లు వచ్చేవి. జబ్బు మోసుకొచ్చిన పిల్లవాడు మాత్రం ఒక్కరోజైనా బడి మానేవాడు కాడు. చివరికి నగర ఆరోగ్యశాఖ వాళ్ళు సెలవులకు ముందే ఆ పిల్లలకి టీకా వేయడం మొదలుపెడితే ఆ ఉధృతి తగ్గుతూ వచ్చింది.

మొరాకో బదులు గుంటూరు అనుకోండి, ఆమ్‌స్టర్‌డామ్ బదులు లండన్ శివారు అనుకోండి. ఇక్కడ కూర్చున్న చాలామంది ఇళ్ళ సంగతి ఇదే.

ఇలా రావడానికి కారణం తెలుసుకోవాలంటే ఈ వైరస్ నడవడి చూడాలి. ఇది 27 నానోమీటర్ల కణం, అంటే మిల్లీమీటరులో పదిలక్షో వంతు చొప్పున 27 వంతులు. దీనికి పైన కొవ్వు పొర ఉండదు. అందుకే ఆల్కహాల్ శానిటైజరుకు ఇది సరిగ్గా లొంగదు. చేతులు సబ్బుతో రుద్ది కడుక్కోవాల్సిందే. ఆమ్లాన్ని తట్టుకుంటుంది కాబట్టి పొట్ట దాటి పోతుంది. ఎండినా గడ్డకట్టినా చావదు, నీళ్ళలో వారాల తరబడి నిలుస్తుంది. కాలేయంలో పెరిగి, పైత్యరసంతో పాటు పేగులోకి జారి, మలంలో బయటికొస్తుంది. ఎక్కువ వైరస్ బయటికొచ్చేది కళ్ళు పచ్చబడడానికి ముందు రెండు వారాల్లో. అంటే మనిషి వంటింట్లో తిరుగుతూ, పెళ్ళిలో వడ్డిస్తూ, తనకేమీ లేదనుకుంటున్న రోజుల్లోనే జబ్బు అంటిస్తాడు. కళ్ళు పచ్చబడ్డాక అతన్ని వేరే గదిలో పడుకోబెట్టి, కంచం వేరుపెట్టి మనం చేసే హడావిడి చాలామటుకు ఆలస్యపు హడావిడే.

వైరస్ నోట్లో పడ్డాక జబ్బు బయటపడడానికి 15 నుంచి 50 రోజులు పడుతుంది. సగటున 28. మూడు వారాల సెలవుకు వచ్చిన కుటుంబం తిరిగి వెళ్ళిపోయి, సూట్‌కేసులు సర్దేసి, ఆవకాయ జాడీ సగం ఖాళీ చేశాక అక్కడ జ్వరం మొదలవుతుంది. అక్కడి డాక్టరు ఇన్‌ఫ్లూయెంజా అనుకుంటాడు. ఇక్కడున్న అమ్మమ్మకి తన వంటింటికీ ఆ జ్వరానికీ సంబంధం ఉందని ఎప్పటికీ తెలియదు. మీరు ఎవరినైనా అడిగి చూడండి, “మా ఇంటికొచ్చిన వాళ్ళెవరికీ ఇంతవరకు ఏమీ కాలేదండీ” అంటారు. అబద్ధం కాదు. వాళ్ళు ఉన్నన్నాళ్ళూ ఏమీ కాలేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది వయసు. ఆరేళ్ళలోపు పిల్లల్లో నూటికి 70 మందికి ఏ లక్షణమూ కనిపించదు. పెద్దవాళ్ళలో నూటికి 70 మందికి పైగా కామెర్లు బయటపడతాయి. నెలల తరబడి నీరసం, దురద, తిండి సయించకపోవడం. ఒకసారి తగ్గి మళ్ళీ తిరగబెట్టడం కూడా ఉంది. యాభై దాటినవాళ్ళలో, అప్పటికే కాలేయ జబ్బున్నవాళ్ళలో ప్రాణం మీదికి రావడం బాగా ఎక్కువ. ఒకసారి వచ్చి పూర్తిగా తగ్గితే మాత్రం జన్మలో మళ్ళీ రాదు.

చిన్నప్పుడు తేలిగ్గా పోవడం, ఒకసారి వస్తే మళ్ళీ రాకపోవడం, ఈ రెండూ కలిపి చూస్తే మన కుటుంబాల కథ తెలుస్తుంది. నా వయసు వాళ్ళు బావి నీళ్ళు, చెరువు నీళ్ళు, బడి దగ్గర కుండలో గ్లాసు ముంచుకుని తాగిన నీళ్ళు తాగి పెరిగాం. పదేళ్ళు నిండకముందే మనలో దాదాపు అందరికీ ఈ వైరస్ వచ్చి పోయింది. ఎప్పుడు వచ్చిందో అమ్మకి కూడా తెలియదు, రెండ్రోజులు అన్నం తినలేదని దిష్టి తీసి ఉంటుంది. ఆ రక్షణతో మనం పాతికేళ్ళప్పుడు విదేశాలకు వెళ్ళాం. అక్కడ పుట్టిన పిల్లలకి ఆ నీళ్ళు లేవు, ఆ రక్షణా లేదు. తండ్రి బస్టాండులో చెరుకురసం తాగి అరిగించుకుంటాడు. పక్కన నిలబడి అదే గ్లాసు తాగిన కొడుకు నెల తిరక్కుండా మంచానపడతాడు. “మేం ఇవే తాగి పెరిగాం, మాకేమైంది?” అన్న తండ్రి మాటలో తర్కం ఎక్కడ దెబ్బతిందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. ఆయనకీ అయింది. గుర్తులేనంత చిన్నతనంలో అయింది.

ఇలాంటి కుటుంబం ఒకటి నాకు బాగా తెలుసు. ఇంగ్లండులో పుట్టి పెరిగిన అబ్బాయి, ఉద్యోగంలో చేరిన కొత్తలో, పిన్ని కూతురి పెళ్ళికని వచ్చాడు. తెలుగు బాగానే మాట్లాడతాడు, గోంగూర కావాలంటాడు, అందరితో కలిసిపోయాడు. తిరిగెళ్ళిన నెలకి వాళ్ళ నాన్న నాకు వాట్సాప్‌లో కంటి ఫొటో పంపి, “అన్నయ్యా, ఇది కామెర్లేనా?” అన్నాడు. బెడ్‌రూము దీపం కింద తీసిన ఫొటో. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి మళ్ళీ తీయమన్నాను. రెండో ఫొటోలో సందేహమేమీ లేదు. ఆ అబ్బాయి అంతకు ముందు కెన్యా సఫారీకి వెళ్ళేటప్పుడు క్లినిక్‌కి వెళ్ళి ఏ టీకాలు కావాలో అడిగాడట. ఇక్కడికి వచ్చేటప్పుడు అడగలేదు. కెన్యాకి వెళ్తే ప్రయాణం. అమ్మమ్మ గారింటికి రావడం ప్రయాణమని వాళ్ళ లెక్కలో లేదు.

నాకు తెలిసినంతలో ఈ జబ్బు నివారణలో తొలగించాల్సిన మొదటి అడ్డంకి ఇదే. టీకా ఉంది, బాగా పనిచేస్తుంది, దొరుకుతుంది. అది కావాల్సినవాడు తనని తాను ప్రయాణికుడనుకోడు.

దేశాన్ని బట్టి కూడా తేడా ఉంది. అమెరికాలో 2006లో ఏడాది నిండిన ప్రతి బిడ్డకీ ఈ టీకా మామూలు పట్టికలోనే చేరింది. కాబట్టి డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చే స్కూలు పిల్లలకి సాధారణంగా అది పడే ఉంటుంది, కార్డు చూసుకుంటే చాలు. బ్రిటన్‌లో అది మామూలు పిల్లల పట్టికలో లేదు. ప్రయాణానికి ముందు అడిగితే అక్కడి ప్రభుత్వ వైద్యవ్యవస్థలో ఉచితంగా వేస్తారు, అడగాలి అంతే. ఆస్ట్రేలియాలో కూడా పిల్లలందరికీ వేసే పట్టికలో లేదు. ఒకే పెళ్ళికి మూడు ఖండాల నుంచి దిగిన అన్నదమ్ముల పిల్లలు ఒకే పందిట్లో ఆడుకుంటారు. వాళ్ళలో ఒకడికి రక్షణ ఉంటుంది, ఇద్దరికి ఉండదు. అమెరికాలో ఉన్న పెద్దకోడలు “మా డాక్టరు ఏమీ చెప్పలేదే” అంటే లండన్‌లో ఉన్న చిన్నకోడలు తనకీ అక్కర్లేదనుకుంటుంది.

ఈ టీకా చరిత్రలో ఒక మరకా ఉంది. అది చెప్పకుండా దాటేయడం డాక్టరుగారి పేరిట జరిగే సభలో బాగుండదు. న్యూయార్క్ స్టేటెన్ ఐలండ్‌లో విల్లోబ్రూక్ అనే సంస్థ ఉండేది, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కోసం. 1956 నుంచి సాల్ క్రుగ్‌మన్ బృందం అక్కడ పిల్లలకి కావాలనే వైరస్ ఎక్కించి అధ్యయనం చేసింది. కామెర్లలో తిండి నీళ్ళ వల్ల వచ్చేవి వేరు, రక్తం వల్ల వచ్చేవి వేరని స్పష్టంగా తేలింది అక్కడే. ఎలాగూ అక్కడ అందరికీ వస్తుంది కదా అన్నది వాళ్ళ సమర్థన. అందరికీ రాకుండా చూడడం డాక్టరు పని. ఆ జ్ఞానాన్ని మనం వాడుకుంటున్నాం, దాని వెల ఎవరు కట్టారో కూడా గుర్తుంచుకోవాలి.

వైరస్‌ని కంటితో చూసింది 1973లో. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో ఫైన్‌స్టోన్, కపికియన్, పర్సెల్ అనే ముగ్గురు రోగి మలంలోంచి తీసిన కణాలని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పట్టుకున్నారు. 1979లో ప్రొవోస్ట్, హిల్‌మన్ దాన్ని ప్రయోగశాలలో కణాల మీద పెంచగలిగారు. టీకా వచ్చేవరకు ప్రయాణికులకు దిక్కు గామా గ్లోబ్యులిన్ ఒక్కటే. ఎవరికో జబ్బు వచ్చి తగ్గాక వాళ్ళ రక్తంలో మిగిలిన రక్షణని అరువు తెచ్చి పిరుదులో సూదితో ఎక్కించడం. అది పనిచేస్తుందని 1945లోనే స్టోక్స్, నీఫ్ ఒక వేసవి శిబిరంలోని పిల్లల్లో చూపించారు. అరువు కాబట్టి కొన్ని నెలల్లో కరిగిపోయేది, మళ్ళీ పొడిపించుకోవాలి. పీస్ కోర్ అనే అమెరికా సేవాసంస్థ తరఫున మన దేశంలో పనిచేసిన యువకులకి ఆ లావుపాటి సూది బాగా పరిచయం.

టీకా 1990ల మొదట్లో ఐరోపాలో, 1995లో అమెరికాలో వచ్చింది. అమెరికాలో రాకముందు జరిగిన రెండు పరీక్షలు చెప్పుకోవాలి. ఒకటి థాయిలాండ్‌లో 40 వేల మంది పిల్లల మీద, 1994లో ప్రచురించారు. రక్షణ 94 శాతం. రెండోది అంతకు రెండేళ్ళ ముందు వచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలో మన్రో దగ్గర ఒక యూదు సమాజంలో ఏటేటా ఈ కామెర్లు వచ్చేవి. అక్కడ దాదాపు 1000 మంది పిల్లల్లో సగం మందికి ఒక్క డోసు టీకా, సగం మందికి ఉత్త సూది వేశారు. మొదటి మూడు వారాల్లో అప్పటికే వైరస్ లోపలికి పోయినవాళ్ళలో కొన్ని కేసులు వచ్చాయి. మూడు వారాలు దాటాక టీకా పడ్డవాళ్ళలో ఒక్కరికీ రాలేదు. అవతలి వాళ్ళలో వస్తూనే ఉంది.

ఆ ఒక్క డోసు సంగతి గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే నాకు వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ దీని మీదే. “రేపు రాత్రి ఫ్లైటు, ఇప్పుడు వేసి ఏం లాభం?” అంటారు. లాభం ఉంది. వైరస్ లోపలికి పోయాక జబ్బు చేయడానికి సగటున నాలుగు వారాలు తీసుకుంటుంది. టీకా రెండు వారాల్లోనే చాలామందిలో రక్షణ పుట్టిస్తుంది. పాసింజరు కంటే ఆలస్యంగా బయల్దేరినా దారిలో దాన్ని దాటేసే ఎక్స్‌ప్రెస్ లాంటిది ఇది. అందుకే ఆరోగ్యవంతులు విమానం ఎక్కే రోజున వేయించుకున్నా పరవాలేదు. నలభై దాటినవాళ్ళు, కాలేయ జబ్బు ఉన్నవాళ్ళు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళు రెండు వారాల్లోపు బయల్దేరుతుంటే టీకాతో పాటు గ్లోబ్యులిన్ కూడా అవసరమేమో డాక్టరుతో మాట్లాడాలి. వైరస్ తగిలిందని తెలిశాక కూడా రెండు వారాల్లోపు టీకా వేస్తే జబ్బు ఆగే అవకాశం బాగా ఉంది. ఇంట్లో ఒకరికి కామెర్లని తేలితే మిగతావాళ్ళు చేయాల్సిన పని అది. పసరుకోసం పక్క ఊరికి బయల్దేరడం తర్వాత చూసుకోవచ్చు.

పసరు మాట వచ్చింది కాబట్టి ఒక్క మాట. నేల ఉసిరి మీద నాకు ద్వేషం లేదు. ఈ జబ్బు నూటికి తొంభైతొమ్మిది మందికి పైగా తనంతట తనే తగ్గుతుంది, దానికి మందు లేదు. కాబట్టి ఆ సమయంలో ఎవరు ఏమిచ్చినా పేరు వాళ్ళకే వస్తుంది. చేతి మీద కాల్చి వాత పెట్టేవాడికి కూడా వస్తుంది. ఆ తొంభైతొమ్మిది మందిలో లేనివాడు, మగతగా మాట్లాడుతూ, రక్తం గడ్డకట్టని స్థితిలో ఆస్పత్రికి వచ్చేసరికి వారం వృథా అయి ఉంటుంది. నా కోపమంతా ఆ వారం మీద.

టీకాలో రెండు రకాలు మన దేశంలో దొరుకుతున్నాయి. చంపిన వైరస్‌తో చేసినది ఆరు నెలల నుంచి ఏడాదిన్నర ఎడంతో రెండు డోసులు వేస్తారు. బతికున్న వైరస్‌ని బలహీనపరిచి చేసినది ఒక్క డోసు. మొదటి రకంలో మన హైదరాబాద్ ఇండియన్ ఇమ్యునలాజికల్స్ తయారుచేసిన హేవిష్యూర్ 2024 జనవరిలో వచ్చింది. దేశీయంగా రూపొందిన తొలి హెపటైటిస్ ‘ఎ’ టీకా అది. అంతకు ముందు హెపటైటిస్ ‘బి’ టీకాని 1997లో శాంతా బయోటెక్నిక్స్ అదే ఊళ్ళో తయారుచేసింది. కాలేయం విషయంలో హైదరాబాదుకి మంచి పేరే ఉంది. పిల్లల వైద్యుల సంఘం ఏడాది నిండాక ఈ టీకా వేయమంటుంది. ప్రభుత్వ ఉచిత టీకాల పట్టికలో ఇంకా లేదు.

ఏడాది నిండని బిడ్డల సంగతి వేరు. మనవడిని చూపించడానికి తొమ్మిదో నెలలో తీసుకొస్తారు, అన్నప్రాశన కూడా ఇక్కడే పెట్టుకుంటారు. అమెరికా నిపుణుల సలహా ప్రకారం 6 నుంచి 11 నెలల బిడ్డకి ప్రయాణానికి ముందు ఒక డోసు వేయవచ్చు. కానీ అది లెక్కలోకి రాదు. ఏడాది నిండాక మళ్ళీ రెండు డోసులూ వేయాలి. ఆరు నెలల లోపు పాపకి టీకా కుదరదు, గ్లోబ్యులినే.

టీకా అయిపోయింది, ఇక తిండికి వద్దాం. ఇక్కడ పుస్తకాలు చెప్పేది ఒక వాక్యం: కాచినది తాగు, వేడివేడిది తిను, తొక్క నువ్వే వొలుచుకో. ఈ వైరస్ 85 డిగ్రీల దగ్గర ఒక నిమిషం ఉంటే నశిస్తుంది. నీళ్ళు కళపెళ మరిగితే చాలు. మన ఇళ్ళలో చాలాచోట్ల నీళ్ళని ‘కాచడం’ అంటే చెయ్యి పెట్టలేనంత వేడి చేసి దించేయడం. అది చాలదు.

మన విందు ఎలా ఉంటుందో చూడండి. ఇడ్లీ ఆవిరి మీద ఉడికింది, దానికి భయం లేదు. పక్కన కొబ్బరి చట్నీ ఉంది చూశారూ, అది పొయ్యి ఎక్కలేదు. పచ్చికొబ్బరి, పుట్నాలు, మిక్సీలో పోసిన నీళ్ళు, రుబ్బిన మనిషి చెయ్యి. పైన పోపు ఒక్క గరిటె, చట్నీనంతా మరిగించేది కాదు. పులుసు పొయ్యి మీంచి వచ్చింది, బాగుంది, పైన చల్లిన కొత్తిమీర ఎక్కడ కడిగారు? మజ్జిగ పలచగా చేయడానికి పోసిన నీళ్ళు ఏవి? పెరుగుపచ్చడి, కీరా దోస ముక్కలు, స్వాగతంలో ఇచ్చే రంగు రసం, దాన్లో ఐసు. ఐసుగడ్డ చల్లగా ఉంది కాబట్టి శుభ్రమనుకోవడం ఒక భ్రమ. ఈ వైరస్‌ని ప్రయోగశాలలో దాచిపెట్టేది గడ్డకట్టించే. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్ మంచిదే కావచ్చు, దాంట్లోంచి డ్రమ్ములోకి ఒంపి, డ్రమ్ములో చెంబు ముంచేవాడి వేళ్ళు ఎలా ఉన్నాయన్నది అసలు ప్రశ్న. ఇంట్లో పాత క్యాండిల్ ఫిల్టరు ఉంటే దాని రంధ్రాలు బ్యాక్టీరియాని ఆపుతాయేమో గానీ 27 నానోమీటర్లని ఆపలేవు.

ఖరీదైన హోటల్లో దిగితే బాధ లేదనుకునేవాళ్ళ కోసం హుర్గాదా కథ. ఈజిప్టులో ఎర్రసముద్రం ఒడ్డున విహారకేంద్రం అది. 2004లో అక్కడ ఒకే హోటల్లో దిగిన ఐరోపా వాళ్ళలో 351 మందికి ఇళ్ళకు వెళ్ళాక కామెర్లు వచ్చాయి. తొమ్మిది దేశాల వాళ్ళు, ఎక్కువమంది జర్మన్లు. అన్నీ హోటల్లోనే కలిపి ఇచ్చే ఏర్పాటు, బజారులో తిన్నది తక్కువ. ఆరాతీస్తే పొద్దున ఫలహారంలో పెట్టిన నారింజరసం దగ్గర తేలింది. ఆ దేశానికి వెళ్తే టీకా వేయించుకోమని జర్మనీలో అప్పటికే సిఫారసు ఉంది. మంచి హోటలే కదా అనుకున్నవాళ్ళు వేయించుకోలేదు. మరొకటి 1988లో షాంఘై. రక్తపు ఆల్చిప్పలని అక్కడివాళ్ళు వేణ్ణీళ్ళలో ఒక్కసారి ముంచి తీసి తినేవారు. ఆల్చిప్ప రోజంతా నీళ్ళు వడగట్టుకుంటూ దాంట్లో ఉన్నదంతా ఒంట్లో పోగేస్తుంది. దాదాపు మూడు లక్షల మందికి కామెర్లు వచ్చాయి. థాయిలాండ్, వియత్నాం విహారాలకి మనవాళ్ళు ఇప్పుడు గుంపులుగా వెళుతున్నారు కాబట్టి ఇది చెప్పాను.

ప్రయాణికుడు ఇప్పుడు మనింట్లోనూ ఉన్నాడు. హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీలో ఆర్వో నీళ్ళు తాగి పెరిగిన పిల్లవాడికి, లండన్ పిల్లవాడికి ఈ విషయంలో పెద్ద తేడా లేదు. వాడు పద్దెనిమిదేళ్ళకి ఇంజినీరింగ్ హాస్టల్లో చేరతాడు, లేదా వైద్యం చదవడానికి ఫిలిప్పీన్స్‌కో కిర్గిజ్‌స్తాన్‌కో వెళతాడు. జబ్బు మోటుగా వచ్చే వయసులో మొదటిసారి వైరస్‌ని కలుస్తాడు. కేరళ మనకంటే ముందు ఈ దశకి చేరింది. 2024 వేసవిలో ఎర్నాకుళం జిల్లా వేంగూరు పంచాయతీలో కుళాయి నీళ్ళ వల్ల 200 మందికి పైగా జబ్బుపడ్డారు, పెద్దవాళ్ళలో మరణాలు కూడా చూశారు. అక్షరాస్యతలో, పరిశుభ్రతలో ముందున్న రాష్ట్రం కదా అని ఆశ్చర్యపోనక్కర్లేదు. శుభ్రత సగం వరకే పెరిగిన చోట పిల్లలు తప్పించుకుంటారు, తర్వాత పెద్దయ్యాక దొరికిపోతారు. ఆఫ్రికాలోని చాలా దేశాలకు వెళ్ళేవాళ్ళు ఎల్లోఫీవర్ టీకాకి ఎలాగూ కేంద్రానికి వెళ్ళాలి, సర్టిఫికెట్ లేకపోతే తిరిగొచ్చాక క్వారంటైన్‌లో ఉంచుతారు. ఆ రోజే దీని గురించీ అడగండి. దీనికి సర్టిఫికెట్ ఎవరూ అడగరు, అందుకే మరిచిపోతారు. నలభై ఐదు దాటి ఇక్కడే పెరిగినవాళ్ళు మాత్రం ముందు యాంటీబాడీ రక్తపరీక్ష చేయించుకుంటే చాలామందికి టీకా ఖర్చు మిగులుతుంది.

చివరిగా ఈ టీకా చేయలేని పని ఒకటి చెప్పాలి. 1955 నవంబరులో ఢిల్లీలో నజఫ్‌గఢ్ మురుగు వెనక్కి తన్ని, వజీరాబాద్ దగ్గర యమున నీళ్ళు తోడే చోట కలిసింది. ఇంజినీర్లు గమనించి క్లోరిన్ పెంచారు. టైఫాయిడ్ రాలేదు. కామెర్లు మాత్రం 29 వేల మందికి పైగా వచ్చాయి. అన్ని పుస్తకాల్లోనూ దాన్ని హెపటైటిస్ ‘ఎ’ ఖాతాలోనే రాశారు. కానీ పడినవాళ్ళు ఎక్కువగా యువకులు. ‘ఎ’ అయితే వాళ్ళకి చిన్నప్పుడే వచ్చి పోయి ఉండాలి కదా? దాచిపెట్టిన రక్తాన్ని 1980లో మళ్ళీ పరీక్షిస్తే అది ‘ఎ’ కాదని తేలింది. మూడేళ్ళకి సోవియట్ శాస్త్రవేత్త బలయాన్, తనకి ‘ఎ’ రక్షణ ఉందని తెలిసి, రోగుల మలం నుంచి తీసిన ద్రవాన్ని తానే తాగి, జబ్బుపడి, తన మలంలోనే కొత్త వైరస్‌ని చూపించాడు. దాన్నే ఇప్పుడు హెపటైటిస్ ‘ఇ’ అంటున్నాం. అదే దారి, అదే నీళ్ళు, పైకి చూస్తే అదే పచ్చదనం. చైనాలో తప్ప దానికి టీకా పెద్దగా అందుబాటులో లేదు. ‘ఎ’ టీకా దాన్ని ఆపదు.

మామూలు మనిషికి ‘ఇ’ కూడా తగ్గిపోతుంది. గర్భిణికి, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో, మన దేశంలోని ఉధృతుల్లో నూటికి ఇరవై దాకా ప్రాణాలు తీసింది. సీమంతానికి వచ్చే కోడలు ‘ఎ’ టీకా కార్డు చూపించి నిశ్చింతగా ఉంటే, ఆమెకి నీళ్ళు వేరుగా, కళపెళ మరగకాచి, మూత ఉన్న సీసాలో పోసి ఇవ్వండి. చట్నీ ఆమె కంచంలో వేయకండి. పందిట్లో మజ్జిగ వద్దని ఆమె అంటే, “మా ఇంట్లో ఏమీ కాదమ్మా” అని బలవంతపెట్టకండి.